ప్రశ్నోత్తరాలు: ఇంటర్నెట్ ఉందో లేదో ప్రోగ్రాముకు తెలిసేదెట్లా?

ఈ నెల శీర్షికను ఒకే విషయానికి కేటాయిస్తున్నాము. మల్టీమీడియా పాఠాలు, ప్రదర్శనశాలల కియోస్కులు (సందర్శకులు తామే వాడుకునే కంప్యూటరు తెరలు), ఆటలు తయారుచేసే పాఠకులు వేర్వేరు సాఫ్ట్‌వేర్లతో పనిచేస్తున్నప్పటికీ, వారి ఉత్తరాలలో కనిపించిన సందేహం దాదాపు ఒక్కటే: తమ ప్రోగ్రాము నడుస్తున్న కంప్యూటరుకు ఆ క్షణంలో ఇంటర్నెట్ అందుతున్నదో లేదో ప్రోగ్రాము లోపలి నుంచే తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న: నేను సైన్సు పాఠాల మల్టీమీడియా ప్యాకేజీ తయారుచేస్తున్నాను. పాఠాలు, బొమ్మలు, ఆడియో అన్నీ పెన్‌డ్రైవ్‌లోనే ఉంటాయి. పెద్ద వీడియోలు మాత్రం మా సర్వరు నుంచి రావాలి. ప్రోగ్రాము మొదలవగానే విండోస్‌లోని ‘ఇంటర్నెట్‌గెట్‌కనెక్టెడ్‌స్టేట్’ ఫంక్షనును పిలిచి, అది ‘ఉంది’ అంటే వీడియో బటన్లు చూపిస్తున్నాను. కొన్ని కంప్యూటర్లలో అది ‘ఉంది’ అంటున్నా వీడియో రావడం లేదు, తెర చాలాసేపు నల్లగా నిలిచిపోతోంది. ఆ ఫంక్షనులో లోపం ఉన్నదా? అంతకంటె నమ్మదగినది వేరే ఏదైనా ఉన్నదా?

జవాబు: ఫంక్షనులో లోపం లేదు. మీరు తెలుసుకోదలచినది ఒకటి, అది చెప్పగలిగినది మరొకటి కావడం వల్లనే ఈ చిక్కు వచ్చింది. ‘ఇంటర్నెట్ ఉన్నదా’ అని మనం ఒక్క మాటలో అడిగేస్తాము గాని, ఆ మాటలో కనీసం నాలుగు సంగతులు ఇమిడి ఉన్నాయి: కంప్యూటరులోని నెట్‌వర్కు అడాప్టరు పనిచేస్తున్నదా, అది రూటరుతో కలిసిందా, రూటరు నుంచి బయటి ప్రపంచానికి దారి ఉన్నదా, ఆ దారిన వెళితే మీ సర్వరు పలుకుతున్నదా. మీరు పిలుస్తున్న ఫంక్షను ప్రధానంగా మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతుంది. వైఫై రూటరుకు కరెంటు ఉండి, దాని వెనుక ఉన్న సర్వీసు లైను తెగిపోయి ఉన్నా అది ‘ఉంది’ అనే చెబుతుంది. ‘ఉంది’ అన్నంత మాత్రాన ఫలానా సర్వరుకు చేరుకోగలరన్న హామీ ఏదీ లేదని మైక్రోసాఫ్ట్ తన డాక్యుమెంటేషనులోనే స్పష్టంగా రాసింది. అది తిరిగిచ్చే వివరాలలో ఒకదానికి, ‘కనెక్షను అమర్చి ఉంది, ప్రస్తుతం కలిసి ఉండవచ్చు, ఉండకపోవచ్చు’ అన్నది కూడా అర్థం. ఫోనులో డయల్ టోన్ వినిపించినంత మాత్రాన అవతలివారు ఫోను ఎత్తినట్లు కాదు గదా, ఇదీ అటువంటిదే.

అయినా ఆ ఫంక్షను పనికిరానిదని కొట్టిపారవేయకండి. అసలు ఏ నెట్‌వర్కుకూ కంప్యూటరు కలిసిలేదని ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పినప్పుడు ఆ మాటను నమ్మవచ్చు. అప్పుడు వెంటనే ఆఫ్‌లైన్ పద్ధతికి మారిపోతే వాడుకరికి ఎదురుచూపు తప్పుతుంది. ‘ఉంది’ అన్నప్పుడు మాత్రం దానిని ప్రయత్నించి చూడడానికి అనుమతిగానే తీసుకోవాలి. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ‘నెట్‌వర్కు లేదు’ అనడం వేరు, ‘నెట్‌వర్కు ఉంది గాని ఇంటర్నెట్ లేదు’ అనడం వేరు. ఈ రెండవ తీర్పును విండోస్ ఎలా ఇస్తుందో తెలిస్తే మీ సమస్యకు పరిష్కారం కూడా అందులోనే కనబడుతుంది.

విస్టా నుంచి విండోస్ చేస్తున్న పని ఇది: మైక్రోసాఫ్ట్ సర్వరు నుంచి ఒక చిన్న టెక్స్టు ఫైలును తెప్పించుకుని, అందులో తాను ఆశించిన మాటలే ఉన్నాయా అని సరిచూస్తుంది. విండోస్ 10 వాడే ఫైలులో ‘మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్’ అన్న మాటలు తప్ప మరేమీ ఉండవు. ఆపిల్ పరికరాలు తెప్పించుకునే పేజీలో ‘సక్సెస్’ అన్న ఒక్క పదం ఉంటుంది. ఆండ్రాయిడ్ మరింత పొదుపుగా, ఏ విషయమూ లేని ఖాళీ జవాబును, అంటే 204 అన్న స్థితి సంఖ్యను (సర్వరు తన జవాబు ఎటువంటిదో తెలిపే అంకెను) ఆశిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవారికి అడాప్టరు మొదలు రూటింగు పట్టిక దాకా సమస్తమూ అందుబాటులో ఉన్నది. అయినా వారు సైతం చివరకు బయటినుంచి ఒక చిన్న వస్తువును తెప్పించి చూసుకోవడం మీదనే ఆధారపడ్డారు. ఇంతకంటె దగ్గరి దారి ఉంటే వారు దానినే పట్టుకుని ఉండేవారు.

వారు ఫైలు చేరిందా లేదా అని చూసి ఊరుకోకుండా, లోపలి మాటలను కూడా సరిచూడడానికి బలమైన కారణం ఉన్నది. హోటళ్లు, విమానాశ్రయాలు, విద్యాసంస్థల వైఫైలలో లాగిన్ అయ్యేదాకా మీరు ఏ చిరునామా అడిగినా వారి లాగిన్ పేజీనే పంపించే ఏర్పాటు ఉంటుంది. ఆ పేజీ చాలాసార్లు 200 అన్న స్థితి సంఖ్యతో, అంటే ‘అంతా సవ్యం’ అన్న గుర్తుతోనే వస్తుంది. ఇటువంటి సందర్భాల కోసం 2012లో 511 అన్న ప్రత్యేక సంఖ్యను ప్రమాణంగా నిర్ణయించారు గాని, లాగిన్ పేజీలన్నీ దానిని పాటిస్తాయని అనుకుని ప్రోగ్రాము రాయడం తగదు. స్థితి సంఖ్యను మాత్రమే చూసే ప్రోగ్రాము లాగిన్ పేజీని చూసి ‘ఇంటర్నెట్ ఉంది’ అనుకుంటుంది. ఆ తరువాత వీడియోను అడిగినప్పుడు కూడా వీడియోకు బదులు ఆ లాగిన్ పేజీయే వస్తుంది. ప్లేయరుకు అది అర్థంకాక తెర నల్లబడుతుంది. మీ వాడుకరులలో కొందరికి జరుగుతున్నది ఇదే కావచ్చు.

అందుచేత మీరు చేయవలసినది ఇది. వీడియోలు ఉన్న సర్వరులోనే, వీలైతే ఆ ఫోల్డరులోనే, కొద్ది అక్షరాల టెక్స్టు ఫైలు ఒకటి ఉంచండి. అందులో మీకు తప్ప మరెవరికీ తట్టని ఒక పదాన్ని రాయండి. ప్రోగ్రాము దానిని తెప్పించుకుని, ఆ పదం అక్షరం పొల్లుపోకుండా ఉంటేనే వీడియో దారి తెరిచి ఉన్నదని నిర్ధారించాలి. పేరున్న పెద్ద వెబ్‌సైటు దేనినో అడిగి చూస్తే చాలదా అని కొందరు అనుకుంటారు. ఆ వెబ్‌సైటు పలకడం వల్ల మీ సర్వరు పలుకుతుందని తేలదు, అది పలకకపోవడం వల్ల మీ సర్వరు అందదని కూడా తేలదు. కొన్ని సంస్థల నెట్‌వర్కులలో అనుమతించిన చిరునామాలు తప్ప మరేవీ తెరుచుకోవు. అలాంటిచోట విండోస్ తన పరీక్ష విఫలమై ‘ఇంటర్నెట్ లేదు’ అని గుర్తు చూపుతున్నా, మీ వీడియో నిక్షేపంగా ఆడవచ్చు. ఇందాక చెప్పిన మెలిక ఇదే.

ఇక తెర నల్లగా నిలిచిపోయే సంగతి. కేబులు పీకి ఉంటే వైఫల్యం వెంటనే తెలుస్తుంది. దారి మధ్యలో ఎక్కడో ఫైర్‌వాల్, అంటే రాకపోకలను వడపోసే కాపలా ఏర్పాటు, మీ ప్యాకెట్లను (డేటా ముక్కలను) చడీచప్పుడు లేకుండా పారవేస్తుంటే మాత్రం ‘కాదు’ అని చెప్పేవారు కూడా ఉండరు. జవాబు రాకపోయినా ఆపరేటింగ్ సిస్టమ్ అంత తొందరగా ఆశ వదలదు, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. పాత విండోస్ అమరికల ప్రకారం 3, 6, 12 సెకన్ల చొప్పున, మొత్తం 21 సెకన్ల తరువాత గాని అది ఓటమిని ఒప్పుకోదు. లినక్స్‌లో మామూలు అమరికతో ఇది రెండు నిమిషాలు దాటుతుంది. కాబట్టి గడువును సిస్టమ్‌కు వదిలివేయకుండా మీరే పెట్టుకోవాలి. కొద్ది అక్షరాల ఫైలుకు నాలుగైదు సెకన్లు చాలునని నా అభిప్రాయం. ఆ గడువు లోపల చిన్న ఫైలే రానప్పుడు, పెద్ద వీడియో ఆగకుండా ఆడుతుందని ఆశించలేము.

చివరగా, ఈ పరీక్షను ప్రోగ్రాము మొదలైనప్పుడు ఒకసారి చేసి ఫలితాన్ని దాచుకోకండి. విద్యార్థి మూడవ పాఠానికి వచ్చేసరికి వైఫై పోయి ఉండవచ్చు, లేనిది వచ్చి ఉండవచ్చు. వీడియో ఉన్న పాఠం తెరుచుకున్నప్పుడు వెనుకనుంచి నిశ్శబ్దంగా పరీక్షించండి, బటను నొక్కినప్పుడు వీడియోనే నేరుగా అడగండి. ఆ వీడియో నిజంగా మొదలుకావడాన్ని మించిన రుజువు లేదు.

ప్రశ్న: చాలా ఏళ్ల కిందట మాక్రోమీడియా డైరెక్టరు అనే మల్టీమీడియా సాఫ్ట్‌వేరులో చేసిన పాఠాలను ఇంకా నడుపుతున్నాము. మళ్లీ మొదటినుంచి చేయడానికి వనరులు లేవు. దాని ప్రోగ్రామింగ్ భాష లింగోలో, ఫైలు రాక ముగిసిందో లేదో చెప్పే నెట్‌డన్ కోసం రిపీట్ లూపు పెట్టి ఎదురుచూస్తుంటే ప్రోగ్రాము మొత్తం బిగుసుకుపోతోంది. ఏమి చేయాలి?

జవాబు: మాక్రోమీడియాను తరువాత సొంతం చేసుకున్న అడోబీ, డైరెక్టరు అమ్మకాన్ని 2017 ఫిబ్రవరి 1న ఆపివేసింది, డైరెక్టరు ఫైళ్లను బ్రౌజరులో ఆడించే షాక్‌వేవ్ ప్లేయరును విండోస్‌కు 2019 ఏప్రిల్‌లో నిలిపివేసింది. అయితే ప్రొజెక్టరుగా, అంటే తనంతట తానే నడిచే ప్రోగ్రాముగా, తయారుచేసిన ఫైలుకు బ్రౌజరు ప్లేయరుతో పనిలేదు కనుక మీ పాఠాలు నడుస్తూనే ఉన్నాయి. శ్రమపడి చేసిన పాఠాలను పారవేయకుండా నిలబెట్టుకోవాలన్న మీ సంకల్పం మెచ్చదగినది.

రిపీట్ లూపే మీ సమస్యకు మూలం. ఫైలును అడగడానికి లింగోలో వాడే గెట్‌నెట్‌టెక్స్ట్ అన్నది దానిని అక్కడికక్కడ తెచ్చిపెట్టే ఆజ్ఞ కాదు. పనిని మొదలుపెట్టి, దానికొక గుర్తింపు సంఖ్యను మీ చేతికిచ్చి తిరిగివస్తుంది. ఆ పని వెనుక సాగాలంటే డైరెక్టరుకు ఫ్రేముల మధ్య ఊపిరి తీసుకునే వ్యవధి కావాలి. మీరు లూపులో తిరుగుతూ ‘అయిందా, అయిందా’ అని అడుగుతున్నంతసేపు ఆ వ్యవధి దొరకదు, తెర కూడా కదలదు. కాబట్టి పరీక్షకు ఒక ప్రత్యేకమైన ఫ్రేమును కేటాయించండి. దానికి ముందున్న ఫ్రేములో గెట్‌నెట్‌టెక్స్ట్‌ను పిలిచి, గుర్తింపు సంఖ్యను, ఆ క్షణపు మిల్లీసెకన్ల విలువను గ్లోబల్ వేరియబుళ్లలో దాచుకోండి. పరీక్ష ఫ్రేములోని ఎగ్జిట్‌ఫ్రేమ్ హ్యాండ్లరులో ఆ సంఖ్యతోనే నెట్‌డన్‌ను అడిగి, కాలేదంటే ‘గో టు ద ఫ్రేమ్’ అని తిరిగి ఆ ఫ్రేముకే పంపండి. తెర కదులుతుంది, చిన్న యానిమేషను ఏదైనా ఉంటే అది కూడా ఆడుతుంది.

నెట్‌డన్ ‘అయింది’ అన్నంతనే సంతోషించకూడదు. పని విఫలమై ముగిసినా అది ‘అయింది’ అనే అంటుంది. వెంటనే నెట్‌ఎర్రర్‌ను అడగాలి. అది ‘ఓకే’ అన్న మాటను తిరిగి ఇస్తేనే ఫైలు వచ్చినట్లు, సంఖ్యను ఇస్తే విఫలమైనట్లు. ‘ఓకే’ వచ్చిన తరువాత నెట్‌టెక్స్ట్‌రిజల్ట్‌లో మీ రహస్య పదం ఉన్నదో లేదో చూడాలి. మీరు పెట్టుకున్న గడువు దాటితే నెట్‌అబార్ట్‌తో ఆ పనిని రద్దుచేసి ఆఫ్‌లైన్ ఫ్రేముకు వెళ్లాలి. గుర్తింపు సంఖ్య ఇవ్వకుండా అడిగితే చివరగా మొదలైన పని గురించి జవాబు వస్తుంది. రెండు పనులు ఒకేసారి నడిచే ప్రోగ్రాములో ఇది తప్పుదారి పట్టిస్తుంది.

ప్రొజెక్టరు మీ కంప్యూటరులో చక్కగా పనిచేసి ఇతరుల కంప్యూటర్లలో గెట్‌నెట్‌టెక్స్ట్ దగ్గర తడబడుతుంటే, నెట్‌వర్కు ఎక్స్‌ట్రాలు (డైరెక్టరుకు అదనపు పనులు నేర్పే చేర్పులు) జతపడలేదేమో చూడండి. మూవీ ఎక్స్‌ట్రాల విండోలో నెట్‌వర్కు ఎక్స్‌ట్రాలను ఒక్కసారిగా చేర్చే బటను ఉన్నది.

డయలప్ కాలంలో ఈ పరీక్షకు మరొక బాధ ఉండేది. ఇంటర్నెట్ లేని కంప్యూటరులో గెట్‌నెట్‌టెక్స్ట్‌ను పిలిస్తే విండోస్ తనంతట తాను డయల్ చేసే పెట్టెను తెర మీదికి తెచ్చేది; పాఠం చూడడానికి కూర్చున్న పిల్లవాడికి అది ఎందుకు వచ్చిందో తెలిసేది కాదు. అందుకే ఆనాటి ప్రోగ్రామర్లు ముందుగా ఇంటర్నెట్‌గెట్‌కనెక్టెడ్‌స్టేట్ వంటి దానిని అడిగి, అది ‘ఉంది’ అంటేనే ఫైలును అడిగేవారు. మీ పాత లింగోలో అటువంటి రెండంచెల ఏర్పాటు కనిపిస్తే తీసివేయకండి, అది ఇప్పటికీ కాలాన్ని ఆదాచేస్తుంది.

మీకు రాగల అసలు ముప్పు వేరే ఉన్నది. సర్వర్లు చాలావరకు ఇప్పుడు సురక్షిత పద్ధతికి (హెచ్‌టీటీపీఎస్) మారిపోయాయి, అందులో వాడే టీఎల్‌ఎస్ అన్న గుప్తీకరణ పద్ధతి పాత రూపాలైన 1.0, 1.1లను 2021 మార్చిలో ప్రమాణాల సంస్థ అధికారికంగా పక్కన పెట్టింది. పాత విండోస్ మీద నడిచే పాత ప్రొజెక్టరుకు కొత్త సర్వరుతో మాట్లాడే భాష తెలియకపోవచ్చు. మామూలు హెచ్‌టీటీపీ చిరునామాను అడిగినా సర్వరు దానిని సురక్షిత చిరునామాకు మళ్లిస్తుంది, అక్కడ సంభాషణ తెగిపోతుంది, మీ ప్రోగ్రాము ‘ఇంటర్నెట్ లేదు’ అనుకుంటుంది. కనుక పాత పాఠాలు అడిగే ఆ ఫోల్డరు వరకు దారి మళ్లింపు లేకుండా ఉంచమని మీ సర్వరు చూసేవారిని అడగండి. అందులో రహస్యమైనది, వాడుకరికి సంబంధించినది ఏదీ ఉండకూడదన్నది తప్పనిసరి షరతు.

ప్రశ్న: మేము వెబ్ పేజీల పద్ధతిలో డెస్క్‌టాప్ ప్రోగ్రాములు చేసే ఎలక్ట్రాన్‌తో కియోస్కు ప్రోగ్రాము చేశాము. నెట్‌వర్కు ఉందో లేదో బ్రౌజరు చెప్పే నావిగేటర్ డాట్ ఆన్‌లైన్ విలువను చూసి నడుచుకుంటున్నాము. అది చాలునా? సర్వరు నుంచి ఫైలు తెప్పించే ఫెచ్‌తో పరీక్షిస్తే ఇంటర్నెట్ ఉన్నప్పటికీ కొన్నిసార్లు విఫలమవుతోంది, ఇంటర్నెట్ లేనప్పుడు ఒక్కోసారి సఫలమవుతోంది.

జవాబు: నావిగేటర్ డాట్ ఆన్‌లైన్‌కు మొదటి జవాబులో చెప్పినదే వర్తిస్తుంది. క్రోమ్ కుటుంబపు బ్రౌజర్లలో కంప్యూటరు ఏ స్థానిక నెట్‌వర్కుకూ కలిసిలేకపోతేనే అది ‘లేదు’ అంటుంది, మిగిలిన అన్ని సందర్భాలలోనూ ‘ఉంది’ అంటుంది. వర్చువల్ మెషీన్ల సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటరులో, ఎప్పుడూ కలిసే ఉన్నట్లు కనిపించే కృత్రిమ అడాప్టరు వల్ల ఆ ‘లేదు’ కూడా రాకపోవచ్చు. దానితోపాటు వచ్చే ‘ఆన్‌లైన్’, ‘ఆఫ్‌లైన్’ ఈవెంట్లు మాత్రం చాలా ఉపయోగపడతాయి. వాటిని తీర్పులుగా కాక, ‘పరిస్థితి మారింది, మరొకసారి పరీక్షించు’ అన్న సంకేతాలుగా తీసుకోండి.

ఇంటర్నెట్ లేనప్పుడు ఫెచ్ సఫలమైందంటే ఆ జవాబు క్యాష్ (బ్రౌజరు దాచుకునే పాత నకళ్ల నిల్వ) నుంచో, సర్వీస్ వర్కరు (పేజీ వెనుక ఉండి అభ్యర్థనలను మధ్యలో అందుకునే స్క్రిప్టు) దాచి ఉంచిన నకలు నుంచో వచ్చి ఉంటుంది. క్యాష్ అమరికను ‘నో-స్టోర్’ అని పెట్టండి, చిరునామా చివర ప్రతిసారి మారే సంఖ్యను తగిలించండి, సర్వరు వైపు నుంచి కూడా ఆ ఫైలును దాచవద్దన్న హెడరు (జవాబుతోపాటు వెళ్లే సూచన) పంపించండి. సర్వీస్ వర్కరు ఉంటే ఈ ఒక్క చిరునామాను దాని చేతికి చిక్కకుండా తప్పించండి.

ఇంటర్నెట్ ఉన్నా విఫలమవుతున్నదానికి ఎక్కువగా కనిపించే కారణం సర్వరు అనుమతి హెడర్లు ఇవ్వకపోవడం. ఫైలు నుంచి నేరుగా తెరిచిన పేజీకి సొంత చిరునామా అంటూ ఉండదు కనుక, సర్వరు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప బ్రౌజరు ఆ జవాబును మీ స్క్రిప్టు చేతికివ్వదు. దీనిని దాటడానికి కొందరు ‘నో-కోర్స్’ అన్న పద్ధతిని వాడతారు. అది వద్దు, అందులో వచ్చే జవాబు లోపల ఏమున్నదో చదవలేరు, స్థితి సంఖ్య కూడా సున్నాగానే కనిపిస్తుంది, ఏదో ఒకటి వచ్చిందన్నది తప్ప మీకు మరేమీ తెలియదు. ఎలక్ట్రాన్‌లో మెయిన్ ప్రాసెస్ (పేజీకి వెలుపల నడిచే ప్రధాన భాగం) నుంచి అడిగితే ఈ ఆంక్ష అడ్డురాదు, అక్కడినుంచి అడగడమే మేలు. ఫెచ్‌కు దానంతట దానికి మీ అవసరానికి తగిన గడువు ఉండదు. అబార్ట్ కంట్రోలరుతో మీరే పెట్టాలి.

కియోస్కులకు ప్రత్యేకంగా మరొక మాట చెప్పాలి. సురక్షిత చిరునామాను వాడడం వల్ల ఒక లాభం ఉన్నది: లాగిన్ పేజీ పంపించే వైఫై మీ సర్వరు పేరుతో చెల్లే సర్టిఫికెటును (సర్వరు గుర్తింపు పత్రాన్ని) చూపించలేదు కనుక, తప్పుడు పేజీ లోపలికి రాకుండా ఫెచ్ విఫలమవుతుంది. ఆ సర్టిఫికెటు వల్లనే నష్టం కూడా ఉన్నది. కియోస్కు కంప్యూటరులో మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారి గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కు వెళుతుంది. ఆ తేదీకి మీ సర్టిఫికెటు ఇంకా పుట్టనే లేదు; కనెక్షను చెక్కుచెదరకుండా ఉన్నా ప్రతి అభ్యర్థనా తిరస్కరణకు గురవుతుంది. ఏళ్ల తరబడి అప్‌డేట్లు లేని కంప్యూటర్లలో మూల సర్టిఫికెట్లు (మిగతా సర్టిఫికెట్లను నమ్మడానికి ఆధారమైనవి) కాలం చెల్లిపోవడం కూడా ఇలాగే బయటపడుతుంది. 2021 సెప్టెంబరు 30న అటువంటి మూల సర్టిఫికెటు ఒకటి గడువు తీరినప్పుడు, ప్రపంచమంతటా ఎన్నో పాత పరికరాలు ఇంటర్నెట్ ఉండి కూడా సర్వర్లను చేరలేకపోయాయి. కాబట్టి పరీక్ష విఫలమైనప్పుడు ‘లేదు’ అని మాత్రమే రాసుకోకుండా, పేరు దొరకలేదా, గడువు దాటిందా, సర్టిఫికెటు నచ్చలేదా, మాట సరిపోలలేదా అన్నది లాగ్ ఫైలులో తేదీతో సహా రాయించండి. ఆ తేదీని ఒక్కసారి చూస్తేనే బ్యాటరీ సంగతి బయటపడుతుంది.

ప్రశ్న: ఇవన్నీ ఎందుకు, పింగ్ చేస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. పింగ్ అంటే ‘ఉన్నావా’ అని ఒక చిన్న పలకరింపు పంపి బదులు కోసం చూడడం. అది వాడే ఐసీఎంపీ అన్న తరహా ప్యాకెట్లను ఎన్నో సంస్థల ఫైర్‌వాల్‌లు అడ్డగిస్తాయి, ఎన్నో సర్వర్లు వాటికి బదులివ్వవు. ప్రాక్సీ (వెబ్ అభ్యర్థనలను తానందుకుని బయటికి పంపే మధ్యవర్తి సర్వరు) ద్వారా మాత్రమే బయటికి వెళ్లగలిగే కంప్యూటరులో పింగ్ ఎప్పటికీ వెళ్లదు, వెబ్ పేజీలు మాత్రం నిరాటంకంగా వస్తాయి. మీ వీడియో ఏ పద్ధతిలో రావలసి ఉన్నదో పరీక్ష కూడా ఆ పద్ధతిలోనే జరగాలి.

ప్రశ్న: ఆటలు తయారుచేసే యూనిటీలో ఇంటర్నెట్ రీచబిలిటీ అన్న ప్రాపర్టీ ఉన్నది. డెస్క్‌టాప్, మొబైల్ ప్రోగ్రాములు చేసే అడోబీ ఎయిర్‌లో యూఆర్‌ఎల్ మానిటర్ ఉన్నది. వీటి మీద ఆధారపడవచ్చునా?

జవాబు: ఆ రెండూ ఒక కోవకు చెందినవి కావు. యూనిటీ ప్రాపర్టీ మొబైల్ డేటా మీదనా, స్థానిక నెట్‌వర్కు మీదనా అన్నది చెప్పడానికి ఉద్దేశించినది. అసలు కనెక్షను ఉన్నదో లేదో తేల్చుకోవడానికి దీనిని వాడవద్దని యూనిటీ డాక్యుమెంటేషనే హెచ్చరిస్తున్నది. పెద్ద ఫైలును మొబైల్ డేటా మీద దించే ముందు వాడుకరిని అడగడానికి అది బాగా పనికివస్తుంది. కనెక్షను పరీక్షకు యూనిటీవెబ్‌రిక్వెస్ట్‌ను, దాని టైమ్‌అవుట్ విలువను అమర్చి వాడండి.

ఎయిర్‌లోని యూఆర్‌ఎల్ మానిటర్ మీరిచ్చిన చిరునామానే నిజంగా అడిగి చూస్తుంది, నెట్‌వర్కు మారినప్పుడు మళ్లీ అడుగుతుంది, కాబట్టి అది సరైన దారిలోనే ఉన్నది. దాని లోటు ఏమంటే, అది మామూలుగా హెడర్లను మాత్రమే తెప్పించుకుని స్థితి సంఖ్యతో తృప్తిపడుతుంది. లాగిన్ పేజీని చూసి మోసపోయే అవకాశం ఉన్నది. అది ‘అందుబాటులో ఉంది’ అన్న తరువాత, యూఆర్‌ఎల్ లోడరుతో చిన్న ఫైలును తెప్పించి మాటను సరిచూసుకోండి.

ప్రశ్న: పరీక్ష ఎంత తరచుగా చేయాలి? ఇంటర్నెట్ లేదని వాడుకరికి ఎలా చెప్పాలి?

జవాబు: అవసరం ఉన్నప్పుడే చేయాలి. ప్రతి ఐదు సెకన్లకు సర్వరును తట్టే ప్రోగ్రాములు కొన్ని ఉన్నాయి. వాటివల్ల ల్యాప్‌టాపు బ్యాటరీ తరుగుతుంది, డేటాకు వెల కట్టవలసినవారికి ఖర్చవుతుంది, వేయి కంప్యూటర్లు ఒకేసారి తడితే సర్వరే కుంగిపోతుంది. ఒకసారి విఫలమైతే తరువాతి ప్రయత్నాన్ని 10 సెకన్లకు, ఆ తరువాత 20, 40 ఇలా ఎడం పెంచుకుంటూ పోయి, ఏదో ఒక పరిమితి దగ్గర నిలపండి. అందులో కొద్దిపాటి యాదృచ్ఛిక తేడా కలిపితే కంప్యూటర్లన్నీ ఒకే క్షణంలో సర్వరు మీద పడవు. నెట్‌వర్కు మారిన ఈవెంటు వచ్చినా, వాడుకరి ‘మళ్లీ ప్రయత్నించు’ నొక్కినా ఆ ఎడాన్ని పక్కనబెట్టి వెంటనే పరీక్షించాలి.

మరొక విషయాన్ని చాలామంది ఆలోచించరు. ప్రతి పరీక్షా మీ సర్వరు లాగ్‌లో ఒక వరుస రాస్తుంది: ఏ ఐపీ చిరునామా నుంచి, ఏ సమయానికి మీ పాఠం తెరిచారో అందులో ఉంటుంది. పిల్లలు వాడే ప్యాకేజీలో ఇది చిన్న సంగతి కాదు. ఆ చిరునామాకు వాడుకరి పేరునో, కంప్యూటరు గుర్తింపునో జతచేయకండి, ఆ లాగ్‌లను అవసరం తీరగానే చెరిపివేయండి, ప్రోగ్రాము ఇంటర్నెట్‌ను ఎందుకు తాకుతున్నదో పరిచయ పేజీలో రెండు వాక్యాలలో చెప్పండి.

సందేశం విషయానికి వస్తే, ‘మీకు ఇంటర్నెట్ లేదు’ అని వాడుకరికి చెప్పే అధికారం మీ ప్రోగ్రాముకు లేదు. దానికి తెలిసినదల్లా తన ఫైలు తనకు రాలేదన్నంతవరకే. మీ సర్వరే ఆగిపోయినప్పుడు ఆ మాట కనిపిస్తే, పాపం, ఆ మనిషి తన రూటరును ఆపి, వేసి, సర్వీసువారికి ఫోను చేసి అలసిపోతాడు. ‘ఈ వీడియో ప్రస్తుతం అందలేదు, పాఠంలోని మిగతా భాగమంతా ఇక్కడే చదువుకోవచ్చు’ అని చెప్పండి, పక్కన ‘మళ్లీ ప్రయత్నించు’ బటను ఉంచండి. ఆ సందేశం పాఠాన్ని మూసివేసే పెట్టెగా రాకూడదు. వీడియో ఉండవలసిన చోటనే, ఆ వీడియోలోని ఒక నిశ్చల చిత్రంతో పాటు కనిపించాలి. ఇంటర్నెట్ లేనివారు పాఠాన్ని పూర్తిగా ఉపయోగించుకోగలగడం నా దృష్టిలో ఈ పనిలోకెల్లా ముఖ్యమైనది; మంచి కనెక్షను ఉన్న గదిలో కూర్చుని ప్రోగ్రాము రాసే మనకు అది తేలికగా మరుగున పడుతుంది.

ప్రశ్న: మా దగ్గర ఇంటర్నెట్ ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఇవన్నీ పనిచేస్తున్నాయో లేదో పరీక్షించడం ఎలా?

జవాబు: కేబులు పీకి చూడడం అందరూ చేస్తారు, అది అన్నిటికంటె సులభమైన వైఫల్యం, దానిని మీ ప్రోగ్రాము ఎలాగూ తట్టుకుంటుంది. కష్టమైనవాటిని కల్పించుకోవాలి. రూటరును ఆన్‌లోనే ఉంచి, బయటినుంచి దానికి వచ్చే కేబులును మాత్రమే తీసి చూడండి. తరువాత విండోస్ హోస్ట్స్ ఫైలులో (ఏ పేరుకు ఏ ఐపీ చిరునామాయో మనమే రాసిపెట్టగల ఫైలు) మీ సర్వరు పేరుకు ఎదురుగా 127.0.0.1 అని, అంటే మీ కంప్యూటరు సొంత చిరునామాను రాయండి. మీ కంప్యూటరులోనే వెబ్ సర్వరు ఏదీ నడవకపోతే, సాధారణంగా గడువుదాకా ఆగకుండానే తిరస్కరణ వస్తుంది. ఆ తరువాత అదే చోట 192.0.2.1 అని రాయండి. ఆ చిరునామాల వరుసను ఉదాహరణలకు, డాక్యుమెంటేషనుకు ప్రత్యేకించారు, ఇంటర్నెట్‌లో దానిని ఎవరికీ కేటాయించరు. సాధారణంగా అక్కడినుంచి ‘అవును’ రాదు, ‘కాదు’ రాదు. మీ గడువు నిజంగా పనిచేస్తున్నదో, తెర కదులుతున్నదో ఈ ఒక్క పరీక్షలోనే తెలిసిపోతుంది.

లాగిన్ పేజీ పరీక్షకు, మీ కంప్యూటరులోనే ఒక చిన్న వెబ్ సర్వరు నడిపి, ఏ చిరునామా అడిగినా ఒకే పేజీని 200 సంఖ్యతో పంపేలా అమర్చి, హోస్ట్స్ ఫైలును మళ్లీ 127.0.0.1కు మార్చండి. గడియారాన్ని కొన్నేళ్లు వెనక్కు తిప్పి ఒకసారి, వీడియో సగం ఆడుతుండగా వైఫై ఆపి మరొకసారి చూడండి. పని ముగిసిన తరువాత గడియారాన్ని సరిచేసి, హోస్ట్స్ ఫైలులో మీరు చేర్చిన వరుసలను తీసివేయడం మరవకండి. అవి ఉండిపోతే ఆ కంప్యూటరుకు మీ సర్వరు ఎప్పటికీ అందదు.